కరిగిపోయిన గడ్డ

మధ్యాహ్నం ఒంటిగంట నలభై. డాక్టర్ తేజస్వి రిపోర్టు కాగితాన్ని బల్ల మీద బోర్లించి, దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. కాగితం ఎగిరిపోతుందని కాదు, ఎదురుగా ఉన్న కనకమహాలక్ష్మి లాక్కుని చదివేస్తుందని.

ఆ భయంలో అర్థం ఉంది. కనకమహాలక్ష్మి ముప్పై ఏళ్ళకు పైగా రైల్వే పోలీసులో పనిచేసి ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. మూడేళ్ళుగా బిలాస్‌పూర్ స్టేషను దగ్గర ఒక గది తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్‌గా బతుకుతోంది. ఎదుటివాళ్ళు దాచిన కాగితాలు చదవడమే ఆవిడ వృత్తి. కానీ ఈసారి పక్క వార్డులో మంచం మీద ఉన్నది క్లయింటు కాదు, తమ్ముడు సూర్యం. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, ఆవిడకి ఇరవై మూడు. అన్నం కలిపి పెట్టింది, చదివించింది, గూడ్సు బండి నడిపే లోకో పైలట్‌ని చేసింది. ఇప్పుడు వాడికి నలభై ఆరు. రెండు నెలల్లో పదహారు కిలోలు తగ్గాడు.

"మేడమ్, మేం ఈ నెల పదిహేనున తీసిన బయాప్సీలో ఏమీ దొరకలేదు" అంది తేజస్వి. "చచ్చిపోయిన కణాలు, వాపు. అంతే."

"అంటే క్యాన్సర్ కాదా?"

ఆ ప్రశ్న తన నోట్లోంచి అంత ఆశగా వచ్చినందుకు కనకమహాలక్ష్మికి తన మీద తనకే కోపం వచ్చింది. ఇలా అడిగే చుట్టాలను ఎంతమందిని చూసిందో!

"కాదని చెప్పలేను. ఔనని రుజువు చెయ్యలేను. ఏప్రిల్‌లో ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బయట చేయించుకున్న మొదటి బయాప్సీ రిపోర్టు నిన్న మీ మరదలు బీరువాలోంచి తీసి తెచ్చింది కదా. అందులో 'లింఫోమా అనుమానం' అని ఉంది. తెల్లరక్తకణాల్లో పుట్టే క్యాన్సర్. మెడలోనో చంకలోనో గడ్డలుగా వస్తుంది మామూలుగా. పెద్దపేగులో మొదలవడం చాలా అరుదు. మీ తమ్ముడికి పెద్దపేగు మొదట్లో, కుడివైపున ఉంది."

"మరి మందు మొదలెట్టండి."

"ఏ మందు?" తేజస్వి కూడా గట్టిగానే అంది. "ఇందులో రకాలున్నాయి మేడమ్. ఒక రకానికి ప్రాణం పోసే ఇంజెక్షన్ ఇంకో రకానికి నీళ్ళతో సమానం. పైగా కడుపులో టీబీ కూడా అచ్చం ఇట్లనే కనిపిస్తది. టీబీ ఉన్న మనిషికి కీమో ఎక్కిస్తే మనమే చంపినట్టు. రకం తేలితే ఆరు విడతల మందు, మూడు వారాలకోసారి, బతికే అవకాశం బాగానే ఉంది. తేలాలంటే మొదటి బయాప్సీ బ్లాక్ కావాలి."

బ్లాక్ అంటే ఏమిటో నిన్నటి నుంచి వినీ వినీ కనకమహాలక్ష్మికి కంఠతా వచ్చేసింది. పేగులోంచి తీసిన నూకల్లాంటి ముక్కలను మైనంలో పొదిగి, చిన్న ప్లాస్టిక్ పలకకు అంటించి, నంబరు వేసి దాస్తారు. ఎన్నేళ్ళయినా చెడదు. దాన్నించి పల్చటి పొర తీసి రంగుల పరీక్షలు చేస్తే జబ్బు తన పేరు తనే చెబుతుంది. ఆ బ్లాక్ మాత్రం లేదు. ల్యాబ్‌ని అడిగితే ఇచ్చేశామన్నారు. సూర్యాన్ని అడిగితే ల్యాబ్‌లోనే ఉందన్నాడు.

"పోనీ, కోసి గడ్డ తీసెయ్యండి."

"ఒంట్లో బలం అడుగంటింది. ఇప్పుడు కోస్తే కుట్టిన పేగు అతుక్కోదు. మత్తు డాక్టర్ ఒప్పుకోలేదు. పేగు మూసుకుపోతేనో చిల్లు పడితేనో తప్ప ఆ జోలికి పోము. పోయామంటే మనిషి బల్ల మీద నుంచి లేస్తాడన్న భరోసా లేదు." ఆమె కాగితం మీది అరచెయ్యి తీసింది. "ఇంకొకటి చెప్పాలి. ఏప్రిల్‌లో గడ్డ ఆరు సెంటీమీటర్లు. మేం చూసిననాడు మూడు. ఏ మందూ పడకుండా ఇలాంటి గడ్డ సగానికి సగం కరగదు. స్టెరాయిడ్ పడితే కరుగుతది. కరిగినప్పుడు ముక్క తీస్తే ఇదిగో, చచ్చిన కణాలే వస్తాయి. కొన్నాళ్ళు పోయాక రెట్టింపు పెరిగి తిరిగొస్తది. ఏమైనా మందులు వాడారా అని మూడుసార్లు అడిగాను. లేదన్నాడు."

కనకమహాలక్ష్మి లేచి నిలబడింది. వేళ్ళ కణుపులు పట్టేసి ఉన్నాయి, అయినా బ్యాగు భుజానికి తగిలించింది. ఒకడు బ్లాక్ దాచాడు. ఇంకొకడు రహస్యంగా మందు పెట్టాడు. ఇద్దరూ ఒకడే కావచ్చు. పోలీసు బుర్ర ఇలా లెక్కవేస్తుంటే, అక్క గుండె మాత్రం ఒకే మాట గొణుగుతోంది: నా తమ్ముణ్ణి ఎవడు చంపుతున్నాడు?

"ఎప్పటిలోగా కావాలి?"

"ముక్కలను రాయ్‌పూర్‌కి పరీక్షకు తీసుకుపోయే బండి ఐదింటికి వస్తది. ఇవాళ శుక్రవారం. తప్పితే మళ్ళీ సోమవారమే."

"సోమవారం దాకా ఆగగలడా?"

"అది నేను రాసివ్వలేను మేడమ్."

*

రెండు గంటల పది నిమిషాలకు ల్యాబ్ కౌంటర్లో రజిని రిజిస్టరు తెరిచి చూపించింది. పాతికేళ్ళ పిల్ల. నాన్న రైల్వేలో గ్యాంగ్‌మేన్. తెలుగు అర్థమవుతుంది గానీ నాలుక హిందీ వైపు జారిపోతూ ఉంటుంది.

"దేఖో దీదీ, ఇచ్చేశాం. పదిహేడో తారీఖు ఏప్రిల్. సైన్ భీ హై."

ఎల్. సూర్యం. సంతకం తమ్ముడి సంతకంలాగే ఉంది. 'లాగే' ఉన్న సంతకాలు కనకమహాలక్ష్మి సర్వీసులో కొన్ని వందలు చూసింది. ఆవిడ చూపు సంతకం మీద నిలవలేదు, పక్కనున్న టైము గడి మీద నిలిచింది. పైనా కిందా అందరూ గంటకూ నిమిషానికీ మధ్య రెండు చుక్కలు పెట్టి రాశారు. ఈ ఒక్క వరసలో 11/20 అని ఉంది. మధ్యలో ఏటవాలు గీత.

ఆవిడ అక్కడే నిలబడి లాబీకి ఫోను చేసింది. లాబీ అంటే డ్రైవర్లు డ్యూటీ ఎక్కేముందు సంతకం పెట్టే చోటు. అక్కడ అమ్మన్న ఇరవై ఏళ్ళుగా గుమాస్తా.

"అమ్మన్నా, ఏప్రిల్ పదిహేడున మా సూర్యం ఎక్కడున్నాడు?"

కంప్యూటరు మీద టకటకలు వినిపించాయి. "ఏడు ఐదుకి సైన్ ఆన్ అయ్యేడు మేడమ్. కట్నీ లైను గూడ్సు. పదకొండూ పదికి కోటా స్టేషను దాటీసి పైకెళ్ళిపోయేడు. ఏటి, ఏటైనా గొడవా?"

"ఏం లేదు." ఫోను పెట్టేసి రజిని వైపు తిరిగింది. "పదకొండూ ఇరవైకి మావాడు కోటా అవతల ఇంజన్లో ఉన్నాడమ్మా. ఇక్కడ సంతకం పెట్టింది ఎవరు?"

రజిని ముఖం పాలిపోయింది. "ఆధార్ ఫోటో ఫోన్లో చూపించాడు దీదీ..."

"ముఖం కలిసిందా?"

"భీడ్ థీ, జనమే జనం. ఆ వారం రెండు సెలవులు వచ్చాయి, అందరూ ఆ రోజే..."

"మనిషి ఎలా ఉన్నాడు?"

"లంబా సా. నీలం చొక్కా. చేతులు కాలీ కాలీ, నా పెన్నుకి కూడా నల్లగా అంటింది. కడిగినా పోలేదు."

ఇంజన్లు బాగుచేసే షెడ్డులో గ్రీజు అంతే, కడిగితే పోదు. టైము మధ్యలో ఏటవాలు గీత పెట్టి రాసేవాడు ఈ ఊళ్ళో రైల్వేవాడే. వాళ్ళ రిజిస్టర్లన్నీ అలాగే ఉంటాయి, ఇంట్లో పాలవాడి లెక్క కూడా అలాగే రాస్తారు. పొడుగ్గా ఉండే షెడ్డు మనిషి, సూర్యం ఆధార్ కార్డు ఫోన్లో పెట్టుకుని తిరిగేంత చనువున్నవాడు. వెతకక్కర్లేదు, చిరంజీవే. ఒకటో తరగతి నుంచి సూర్యంతో ఒకే బల్ల మీద కూర్చున్నాడు, కనకమహాలక్ష్మి చేతి అన్నం తిన్నాడు.

"పాపం, అంత తొందరగా ఎక్కడికి మేడమ్?"

గుమ్మంలో శివాజీ. ఒకప్పుడు ఆవిడ కిందే కానిస్టేబులు. ఉద్యోగం మానేసి సొంతంగా సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టుకున్నాడు. మూడేళ్ళుగా ఈ ఊళ్ళో ఆవిడకు దక్కాల్సిన ప్రతి కేసులోనూ అడ్డంపడుతూ వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చంకలో ప్లాస్టిక్ ఫైలు.

"ల్యాబ్‌వాళ్ళు నిన్ను పెట్టుకున్నారన్నమాట."

"నిన్న మీరు ఫోన్లో కేసు పెడతానని అరిచేరట కదా. అందుకని. మేడమ్, రిజిస్టర్లో సంతకం ఉంది. బ్లాక్ మీ ఇంటికే వచ్చింది. మీ ఇంట్లో పోగొట్టుకుని ల్యాబ్ మీద పడితే ఎలాగ?"

"ఆ సంతకం సూర్యానిది కాదు. ముఖం చూడకుండా ఒక రోగి ఒంటి ముక్క ఎవడి చేతిలోనో పెట్టేరు. ఇది నువ్వు మీ వాళ్ళకి చెప్పు."

శివాజీ నవ్వు సగంలో ఆగింది. తర్వాత ఫైలు చంకలోంచి తీసి గాలికి విసురుకున్నాడు. "అచ్ఛా. అయితే ఎవడు పట్టికెళ్ళేడో ఆడి పేరు చెప్పండి. ఫోర్జరీ కేసు నేనే పెట్టిస్తాను."

ఆవిడ బ్యాగు సర్దుకుని బయటికి నడిచింది. పేరు చెబితే చిరంజీవి ఉద్యోగం ఇవాళే ఊడుతుంది. చెప్పకపోతే శివాజీ వెంటపడతాడు. అప్పుడు టైము రెండూ ముప్పై ఐదు.

*

మూడూ పదికల్లా చిరంజీవి లాబీ వెనక, డ్రైవర్ల పెట్టెలు పెట్టే బాక్స్ రూము దగ్గరికి వచ్చాడు. ఫోన్లో ఆవిడ ఒకే మాట అంది: "పదకొండూ ఇరవై గురించి మాట్లాడాలి, రా." లాల్‌ఖదాన్ షెడ్డు నుంచి స్కూటరు మీద ఆదరాబాదరాగా వచ్చినట్టున్నాడు, హెల్మెట్ కూడా తియ్యలేదు.

"అప్పా..." అన్నాడు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన రైల్వే ఇళ్ళలో అక్కను అలాగే పిలుస్తారు. సూర్యంతో పాటు వీడికీ ఆ పిలుపు చిన్నప్పుడే అలవాటైపోయింది.

"టోపీ తియ్యి. నా కళ్ళలోకి చూసి చెప్పు. బ్లాక్ ఏదీ?"

"ఏ బ్లాకు?"

ఆవిడ చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. "చిరంజీవీ, వాడు సోమవారం దాకా ఉంటాడో ఉండడో డాక్టరమ్మే చెప్పలేకపోతోంది. నువ్వు ఇంకో అబద్ధం ఆడితే, రేపు వాణ్ణి మొయ్యడానికి వచ్చే నలుగుర్లో నువ్వూ ఒకడివవుతావు."

అంత పొడుగు మనిషీ అక్కడే గోడకానుకుని కూలబడిపోయాడు.

"పీఎంఈ అప్పా. ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన ఆడికి పీఎంఈ."

ఆవిడకి ఇంక విడమరిచి చెప్పక్కర్లేదు. లోకో పైలట్లకు కొంతకాలానికోసారి రైల్వే డాక్టర్లు ఒళ్ళంతా పరీక్ష చేస్తారు. దానిపేరే పీఎంఈ. తప్పారంటే ఇంజను దిగిపోయి ఏ షెడ్డులోనో ఫైళ్ళు మొయ్యాలి. బండి నడిపేవాళ్ళు చావుకి భయపడరు గానీ దీనికి భయపడతారు. కంటిచూపు తగ్గినా, గుండెలో నొప్పి వచ్చినా, భార్యకు కూడా చెప్పకుండా ఊరవతల డాక్టరు దగ్గరికి దొంగచాటుగా పోతారు. తన తండ్రి కూడా అదే చేశాడు, ఆ సంగతి ఇంట్లో తెలిసేసరికి ఆయన లేడు.

"రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. ఏదో అనుమానం అన్నారు, ఇంకా పరీక్షలు చెయ్యాలన్నారు. ఆ బ్లాకు ల్యాబులో ఉంటే ఎవడో ఒకడు రైల్వే హాస్పిటల్‌కి చెప్పీస్తాడని ఆడి భయం. ఆడికి ఆ రోజు డ్యూటీ తప్పలేదు. నువ్వెళ్ళి తెచ్చీమన్నాడు, పీఎంఈ అయిపోయాక అప్పకి నేనే చెప్తానన్నాడు. సంతకం పెట్టీసేను. ఆడి చేతిలో పెట్టీసేను."

"పీఎంఈ అయిపోయి నెల కావస్తోంది కదరా!"

"పాసైపోయేడు కదప్పా! ఆకలేస్తంది, నొప్పి తగ్గింది, గడ్డ తగ్గిపోయింది అన్నాడు. నయమైపోనాదనుకున్నాం. ఈ నెల పదమూడున కోటాలో నొప్పొచ్చి బండి దిగిపోయేదాకా నాకేటి తెలుసు?" వాడు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "మొన్న హాస్పిటల్లో అడిగేను, ఇచ్చీరా అని. నీ ఉద్యోగం పోతాదిరా, నేను బాగానే ఉన్నాను, నోరు మూసుకో అన్నాడు."

ఒకడు స్నేహితుడి ఉద్యోగం కోసం ప్రాణం పణంగా పెట్టాడు, ఇంకొకడు స్నేహితుడి ఇంజను కోసం దొంగ సంతకం పెట్టాడు. ఇద్దరూ కలిసి చేసింది మాత్రం హత్యకు తక్కువేం కాదు.

"ఎక్కడ దాచాడు?"

"పెట్టిలో ఉంటాది. ఆడి వస్తువులన్నీ దాన్లోనే."

డ్రైవర్లందరూ చక్రాల బ్యాగులకు మారిపోయినా సూర్యం తండ్రి నాటి ఇనప్పెట్టె వదల్లేదు. కోటాలో దిగిపోయిననాడు దాన్ని వెనక బండిలో తెచ్చి ఇక్కడ పడేశారు. బాక్స్ రూములో రేకు కప్పు కింద గాలి కొలిమిలా ఉంది. మే నెల ఎండ. మైనం సంగతి గుర్తొచ్చి కనకమహాలక్ష్మి గబగబా పెట్టె ముందు కూర్చుంది.

తాళంచెవి లేదు. చిరంజీవి ఇటుకతో రెండు దెబ్బలు వేస్తే కొండీ ఊడింది. మూడూ నలభై.

పైన ఎర్ర జెండా, పచ్చ జెండా. టార్చి. రూల్ బుక్కు. తువ్వాలు. స్టీలు క్యారియరు. అడుగున రెండు కళ్ళజోడు డబ్బాలు. మొదటి దాన్లో కళ్ళజోడే ఉంది. రెండోదాన్లో జేబురుమాలు, దాన్ని విప్పితే అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ పలక. మైనం ఒక పక్కకి జారి గడ్డకట్టింది. కానీ నంబరు చెరగలేదు, రిపోర్టు మీది నంబరే. మైనంలో గోధుమరంగు చుక్కలు నాలుగు కనిపించాయి.

ఆవిడ దాన్ని గుండెలకు ఆనించుకుంది. వాడు పుట్టిననాడు మంత్రసాని గుడ్డలో చుట్టి మొదట తన చేతిలోనే పెట్టింది. అప్పుడూ ఇంత తేలిగ్గానే ఉన్నాడు.

"దొరికిందన్నమాట!"

గుమ్మానికి అడ్డంగా శివాజీ నిలబడి ఉన్నాడు. ఊహించనిదేం కాదు. "అది ల్యాబ్ నంబరున్న వస్తువు మేడమ్. ఇలాగిచ్చీయండి. నేను తీసికెళ్ళి, రికార్డు చేయించి, సోమవారం పద్ధతి ప్రకారం మీ డాక్టరుకి పంపిస్తాను."

"ఐదింటికి బండి ఉంది శివాజీ. అడ్డు తప్పుకో."

"తప్పుకుంటాను. ఇక్కడ సంతకం పెట్టండి." ఫైలులోంచి టైపు చేసిన కాగితం తీశాడు. ల్యాబ్ తప్పేమీ లేదు, బ్లాకు మా మనిషే తీసుకున్నాడు, మేము ఏ ఫిర్యాదూ చెయ్యం. "ఆ మనిషి పేరు రాయడానికి గీత వదిలేను."

చిరంజీవి తలెత్తి చూశాడు. కనకమహాలక్ష్మి కాగితం అందుకుని, పేరు ఉండాల్సిన గీత మీద తన పేరే రాసింది. కింద సంతకం పెట్టింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క తప్పుడు వాంగ్మూలం రాయని చెయ్యి అది.

శివాజీ చదివి, కాగితం మడిచి ఫైలులో పెట్టుకున్నాడు. అంతలో అతని చూపు తెరిచి ఉన్న పెట్టె మీద పడింది. వంగి, మొదటి కళ్ళజోడు డబ్బా పక్క నుంచి ఖాళీ మాత్రల రేకు ఒకటి రెండు వేళ్ళతో పైకెత్తాడు.

"ఇదేటి మేడమ్?"

రెండేసి మాత్రలకు కత్తిరించిన ముక్క. నాలుగు మూలలూ గుండ్రంగా కోసి ఉన్నాయి.

"పదేళ్ళు మీకు మందులు నేను తెచ్చేను" అన్నాడు శివాజీ మెల్లిగా. "కీళ్ళవాతంతో వేళ్ళు వాచిపోయి, రేకు కొసలు గుచ్చుకుంటున్నాయని ప్రతి ముక్కా ఇలా కత్తెరతో మూలలు తీయించేవారు. బిలాస్‌పూర్ మొత్తం మీద ఇంకెవరు చేస్తారు?"

"నడుం నొప్పని అడిగేడు, ఇచ్చేను. కీళ్ళ బిళ్ళలే కదా..."

ఆవిడ రేకు తిప్పి పేరు చదివింది. పదేళ్ళకు పైగా మింగుతున్న మందు పేరు మొదటిసారి చదివినట్టు చదివింది. ఫోటో తీసి తేజస్వికి పంపింది. నిమిషం గడవకముందే జవాబు వచ్చింది: 'ప్రెడ్నిసోలోన్. స్టెరాయిడే. ఎవరిచ్చారు?'

మధ్యాహ్నం నుంచీ ఆవిడ వెతుకుతున్న రెండో మనిషి దొరికింది. బాక్స్ రూములో మూలకు వాలిన అద్దంలో ఆ మనిషి ముఖమే కనిపిస్తోంది.

శివాజీ నవ్వలేదు. ఆ ఒక్కదానికీ ఆవిడ అతనికి రుణపడింది. గుమ్మం లోంచి పక్కకు తప్పుకుని, "నా కారుంది, రండి. ఈ ఎండలో స్కూటరు మీద తీసికెళ్తే ఆ మైనం మళ్ళీ కరిగిపోతాది" అన్నాడు.

*

నాలుగూ నలభై ఎనిమిదికి బ్లాకు తేజస్వి చేతిలో పడింది. ఆమె దాన్ని లైటుకెత్తి చూసి, "మైనం కరిగితే మళ్ళీ పోస్తారు. ముక్కలున్నాయి, చాలు" అని గబగబా కవరులో పెట్టి, చీటీ రాసి, మనిషికిచ్చి కిందికి పంపింది. కిటికీలోంచి రాయ్‌పూర్ బండి గేటు దాటడం కనిపించింది.

ఒక దోషి దొరికాక వాంగ్మూలం ఆలస్యం చెయ్యకూడదు. కనకమహాలక్ష్మి నిలబడే చెప్పింది.

"నేనే ఇచ్చేను డాక్టరమ్మా. నా బిళ్ళలు. ఏప్రిల్ పద్దెనిమిది నుంచి మే ఆరు దాకా, రోజుకి రెండు. నొప్పి తగ్గిపోయిందప్పా, ఇంక వద్దన్నాడు, ఆపేశాను. అది స్టెరాయిడని నాకు తెలీదు. తెలీదంటే సరిపోదని తెలుసు."

తేజస్వి ఆవిడను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. కళ్ళు చిట్లించి ఏదో లెక్క వేసుకుంది. "మే ఆరున ఆపేశారా? నిజంగా?"

"నా తమ్ముడి మీద ఒట్టు."

"మరి ఇవాళ పొద్దున్న షుగర్ మూడు వందల పది ఎట్ల ఉంది? ఆయనకి షుగర్ జబ్బు లేదు. బుధవారం చేతికి తగిలిన గడ్డ ఇవాళ రౌండ్స్‌లో సరిగ్గా తగలనే లేదు." ఆమె కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "మేడమ్, ఆయన ఇంకా వేసుకుంటున్నాడు. ఇక్కడే. మా వార్డులోనే."

ఇద్దరూ వసారాలో దాదాపు పరుగెత్తారు.

సూర్యం మంచం మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, భార్య తెచ్చిన పెరుగన్నం గిన్నె అడుగు గీకుతున్నాడు. బుగ్గలు కొంచెం ఉబ్బి, ముఖానికి కళ వచ్చినట్టే ఉంది. "అప్పా! ఎక్కడికెళ్ళిపోయేవు పొద్దుట్నుంచీ? ఆకలి దంచేస్తంది. ఉష ఇంకో గిన్ని తేడానికి వెళ్ళింది."

"బిళ్ళలు ఎక్కడున్నాయిరా?"

వాడు నవ్వబోయి, అక్క ముఖం చూసి ఆగిపోయాడు. దిండు గలీబులోకి చెయ్యి పోనిచ్చి ఒక రేకు తీశాడు. మూలలు కత్తిరించని కొత్త రేకు. "నీ దగ్గర ఎన్నిసార్లు అడగను? నీ రేకు చూపిస్తే మెడికల్ షాపువాడు అవే ఇచ్చీసేడు. రెండేస్తే అంతగా పనిచెయ్యలేదు, నాలుగేస్తున్నాను. నిన్నట్నుంచి ఆరు."

"డాక్టరమ్మ మూడుసార్లు అడిగితే ఏ మందూ లేదన్నావు కదరా!"

"మందు కాదు కదప్పా" అన్నాడు వాడు, నిజంగానే అర్థం కానట్టు. "నువ్విచ్చినవి."

కనకమహాలక్ష్మి మంచం కమ్మీ పట్టుకుంది. ఇంత మందిని ఇన్నేళ్ళు ప్రశ్నించింది. ఇంతకంటే నిజమైన జవాబు ఎవరూ చెప్పలేదు, ఇంతగా ఎవరూ కొట్టలేదు.

తేజస్వి అప్పటికే సూర్యం మణికట్టు పట్టుకుని గడియారం చూస్తోంది. నాడి నూట ముప్పై రెండు. పడుకోబెట్టి కడుపు నొక్కింది. "నొప్పి ఉందా?" లేదన్నాడు. ఇంకా గట్టిగా నొక్కింది. లేదన్నాడు, చక్కిలిగింత పెడుతున్నట్టు నవ్వాడు. ఆమె ఎడమచేతి వేలు కుడిపక్క డొక్క మీద ఆనించి, కుడిచేతి వేలితో దాని మీద కొట్టింది. కాలేయం ఉండే చోటు, కొడితే బరువుగా మోగాలి. ఖాళీ డబ్బాలా మోగింది. ఇంకోసారి కొట్టింది. అదే మోత.

"గిన్నె తీసెయ్యండి. నీళ్ళు కూడా ఇవ్వొద్దు" అంది. "సిస్టర్, ఎక్స్‌రే మిషన్ ఇక్కడికే. ఇప్పుడే."

ఐదూ పన్నెండుకు చిన్న తెర మీద బొమ్మ వచ్చింది. కుడి ఊపిరితిత్తి కింద, కాలేయం మీద, కొడవలిలా సన్నని నల్లటి గాలి చార.

తేజస్వి కనకమహాలక్ష్మిని తెర దగ్గరికి లాక్కుని, వినిపించీ వినిపించనట్టు చెప్పింది. "పేగుకి చిల్లు పడింది. గడ్డ పేగు గోడనే తినేసి దాని చోట్లో కూర్చుంది. ఆరేసి బిళ్ళలకు ఒక్కసారిగా కరిగేసరికి అక్కడ గోడ లేదు. పొద్దున పడిందో, రాత్రి పడిందో కూడా చెప్పలేను."

"చిల్లు పడితే మనిషి మెలికలు తిరిగిపోడా? వాడు... వాడు అన్నం తిన్నాడు కదమ్మా!"

"తిరగాలి. ఆ నొప్పిని కూడా ఆ బిళ్ళలే కప్పేశాయి." ఆమె ఫోను చెవికి పెట్టుకుంది. "సర్జన్ గారిని పిలవండి. మత్తు డాక్టర్‌ని కూడా. ఔను, తెలుసు, వద్దన్నారని తెలుసు. ఇంక దారి లేదు."

నర్సు కాగితాలు తెచ్చింది. ఇవాళ రెండోసారి కనకమహాలక్ష్మి ఒక కాగితం కింద పేరు రాసింది. స్ట్రెచరు వచ్చింది. ఇద్దరు పట్టబోతే సూర్యం వాళ్ళను వారించి, తనంతట తనే దాని మీదికి జరిగి పడుకున్నాడు, ఎంత తేలిగ్గా జరగగలడో అక్క చూడాలని.

ఆవిడ వాడి నుదుటి మీద చెయ్యి వేసింది. ఏడవకూడదనుకుంది, వల్ల కాలేదు.

"ఏటప్పా, ఎందుకేడుస్తన్నావు?" అన్నాడు వాడు నవ్వుతూ. "రెండు నెలల్నుంచీ ఇవాళే కదా, నాకు అస్సలు నొప్పి లేనిది."